మా చిన్నాన్న మౌనం, నా భయం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా చిన్నాన్నకి బట్టల షాపుంది, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నుంచి కూడా బేరాలొస్తాయి. రోజంతా కలిపి ఆయన నోట్లోంచి వంద మాటలొస్తే ఎక్కువ. భయస్తుడు పాపం అనుకునేదాన్ని. మొన్న మా వీధి కాలువ గొడవలో ఒకాఫీసరొచ్చి ఒడియాలో కేకలేస్తుంటే అందరం నేల చూపులు చూస్తున్నాం, చిన్నాన్న లేచి నాలుగు ముక్కల్లో చెప్పాల్సింది చెప్పి కూర్చున్నాడు. గొంతులో వణుకే లేదు.

నేనేమో కబుర్ల మనిషిని, బస్సులో పక్కనున్నామెతో కూడా మాట కలిపేస్తాను. కానీ ఆఫీసులో నెలవారీ మీటింగంటే రెండ్రోజుల ముందే కడుపులో మొదలవుద్ది, లేపి అడిగితే ఒడియాలో "ఆగ్యా", అంటే "అలాగేనండి", తప్ప ఇంకేం రాదు.

ఇదేంటా అని చదువుతుంటే జేమ్స్ మెక్‌క్రాస్కీ అనే అమెరికా ప్రొఫెసర్ 1970లో దీన్ని కమ్యూనికేషన్ అప్రిహెన్షన్ అన్నాడని తెలిసింది. మాట్లాడేటప్పుడే కాదు, మాట్లాడాల్సొస్తుందేమో అనుకున్నప్పుడు పుట్టే భయం కూడా ఇందులోకే వస్తుందట. కొలవడానికి 24 వాక్యాల పరీక్ష ఉంది, ఇద్దరి మధ్య, చిన్న గ్రూపులో, మీటింగులో, స్టేజి మీద, ఒక్కోదానికి ఆరు. స్కోరు 24 నుంచి 120 దాకా, 80 దాటితే భయం ఎక్కువని. నాకు మొత్తం మీద మామూలే, మీటింగు దగ్గర మాత్రం 30కి 27.

ఈ భయానికి రెండు స్వభావాలతో లింకుందంటారు. ఒకటి ఇంట్రోవర్షన్, అంటే తన లోకంలో తానుండే గుణం, రెండోది న్యూరోటిసిజం. రెండో పేరు నాకు నచ్చలేదు, జబ్బు పేరులా ఉంది, మన మాటల్లో అది బెంగ పెట్టుకునే గుణం అంతే. మా చిన్నాన్నకి మొదటిదుంది రెండోది లేదు, నాకు రెండోది మాత్రమే ఉంది. పైకి చూసేవాళ్ళకి ఆయన మౌనం కనిపిస్తుంది, నా భయం కనిపించదు.

మెక్‌క్రాస్కీ వాళ్ళు తర్వాత్తర్వాత ఇదంతా చాలావరకు పుట్టుకతోనే వస్తుందన్నారు, నేనంత దూరం ఒప్పుకోలేను. నేను ఒడియా మీడియంలోనే చదివాను, భాష రాక కాదు, కానీ ఒక్క మాట తెలుగు యాసలో దొర్లితే క్లాసంతా తిరిగి చూసేది. ఆ చూపులు ఇంకా నాతోనే ఉన్నాయి. తెలుగులో అయితే ఎంతమందిలోనైనా మాట్లాడతాను మరి.

చిన్నాన్న మనవడు ఆరో క్లాసు, అచ్చం తాతే. "మాట్లాడడు, భయం ఎక్కువ" అని స్కూలు డైరీలో రాసి పంపారు. భయమేస్తుందేట్రా అనడిగితే "లేదత్తా, అడిగితే చెప్తాను కదా" అన్నాడు. వాడికి లేని భయాన్ని వాడి మీద రాసేశారు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం పేరెంట్స్ మీటింగుకి నేను వెళ్తానన్నాను. అందరి ముందూ, ఒడియాలోనే చెప్పాలి. కడుపులో అప్పుడే మొదలైంది, అయినా వెళ్తాను.