స్కాలర్‌షిప్ రాని ఆట

అమెరికాలో పిల్లల ఆటల విషయంలో మన తెలుగు తల్లిదండ్రులకు ఒక లెక్క ఉంటుంది. ఈతైనా, టెన్నిసైనా, కాలేజీ దరఖాస్తుకు పనికొస్తుందా అన్నదే మొదటి ప్రశ్న. టేబుల్ టెన్నిస్ దగ్గర ఆ లెక్క కుదరదు. ఇక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ జాబితాలో ఈ ఆటే లేదు. స్కాలర్‌షిప్ మీద ఆశ దాదాపు వదులుకోవలసిందే. మా పన్నెండేళ్ల వాడు ఏరికోరి దీన్నే పట్టుకున్నాడు.

వాడి కోచ్ చైనీయుడు. పదకొండు దాకా చైనీస్‌లో గడగడా లెక్కపెట్టేస్తాడు మా వాడు, మన గుణింతాల దగ్గర మాత్రం నత్తి. టోర్నమెంట్లు శని, ఆదివారాల్లో. తెలుగు బడీ ఆదివారమే. ఏది మానాలన్న పంచాయితీలో తెలుగు బడి గెలిచిన సందర్భాలు తక్కువ.

వాడికి దేవుడు అమెరికా టేబుల్ టెన్నిస్ ఆటగాడు కనక్ ఝా. మేముండే కాలిఫోర్నియా బే ఏరియా పిల్లవాడే. మిల్పిటాస్‌లోని ఇండియా కమ్యూనిటీ సెంటర్‌లో ఆట నేర్చుకున్నాడు. 2016లో పదహారేళ్లకే రియో ఒలింపిక్స్ ఆడాడు. 2024లో పారిస్‌లో చివరి 16 మంది దాకా వెళ్లి, ఆ ఏడు స్వర్ణం గెలిచిన ఫాన్ జెన్‌డాంగ్ చేతిలో ఓడాడు. ఇవన్నీ మా వాడు ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. నాకు మింగుడుపడనిది ఒక్కటే: శిక్షణ కోసం ఆ పిల్లవాడు పదిహేనేళ్లకే స్వీడన్‌లోని హాల్మ్‌స్టాడ్‌కు వెళ్లిపోయాడు. ఆ తరువాత జర్మనీ. మేమూ ఇల్లు వదిలి వచ్చినవాళ్లమే, కానీ డిగ్రీ పూర్తిచేసి, ఎమ్మెస్ సీటు చేతిలో పెట్టుకుని వచ్చాం. పదో తరగతి వయసులో, అదీ ఒక ఆట కోసం! ఆ తల్లిదండ్రుల గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

కాకినాడలో ఉన్న మా నాన్నగారి దేవుడు వేరు. తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో ఎదిగిన ఆచంట శరత్ కమల్. నాన్నగారు 21 పాయింట్ల గేముల కాలం నాటి ఆటగాడు. 2001లో దాన్ని 11కు కుదించినందుకు ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు. వీడియో కాల్‌లో మనవడితో వాదన మొదలైతే ఇక మమ్మల్ని పట్టించుకునేవారుండరు. మీ కనక్ ఒలింపిక్స్‌లో ఎన్నిసార్లు ఆడాడు, మా శరత్ ఐదుసార్లు, అంటారాయన. పదిసార్లు జాతీయ చాంపియన్, 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ స్వర్ణం, మళ్లీ పదహారేళ్లకు, నలభై ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో సింగిల్స్ స్వర్ణం. ఆ పోటీల్లోనే మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం కూడా. టోక్యో ఒలింపిక్స్‌లో చైనా దిగ్గజం మా లాంగ్ దగ్గర ఒక గేము లాక్కున్న సంగతి చెప్పేటప్పుడు మ్యాచ్ ఓడిపోయిన మాట మాత్రం మింగేస్తారు.

ఇద్దరి వాదనా వింటుంటే నాకు తట్టింది వేరు. శరత్ కూడా ఏళ్ల తరబడి యూరప్ క్లబ్బులకు ఆడినవాడే. జర్మనీలో డ్యూసెల్డార్ఫ్ జట్టుకు ఆడాడు. కనక్ అదే దేశంలో ఓక్సెన్‌హౌసెన్‌కు. మిల్పిటాస్‌లో పుట్టినా చెన్నైలో పెరిగినా, ఈ ఆటను వృత్తిగా చేసుకోవాలంటే మంచి లీగు ఉన్నచోటికి పెట్టె సర్దుకోవలసిందే. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసిందీ అదే కదా అంటే మా ఆయన ఒప్పుకోరు. జీతాల్లో తేడా చూడమంటారు. ఆ మాటా నిజమే, నేను కాదనలేను.

భారత్, అమెరికా తలపడితే ఎటువైపు అని నాన్నగారు ఒకసారి గుచ్చి గుచ్చి అడిగారు. ఎవరి బ్యాక్‌హ్యాండ్ బాగుంటే వాళ్లవైపు అన్నాడు వీడు. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. సరైన జవాబని మెచ్చుకున్నారు.

ఇప్పుడు వేసవిలో జర్మనీలో శిక్షణ శిబిరానికి వెళతానంటున్నాడు. మా ఆయన విమానం ఖర్చు, ఫీజు కూడుతూ కూర్చున్నారు. పిల్లవాడికి తోడు ఎవరన్నది తేలలేదు. నాన్నగారు మాత్రం జర్మనీ వీసాకు ఏయే కాగితాలు కావాలో కనుక్కోమని నిన్నటి నుంచి ఫోను మీద ఫోను.