తాతయ్య పోయాక కొట్టు కాగితాలు: నా అనుభవం

మాది రేపల్లె. బజారులో మా ముత్తాత పెట్టిన కిరాణా కొట్టుని తాతయ్య అరవై ఏళ్లకు పైగా నడిపారు. నిరుడు కార్తీకంలో, ఎనభై నాలుగో ఏట, ఇంట్లోనే నిద్రలో పోయారు. కొట్టు మొత్తం ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. నాన్న పాతికేళ్లు దాటి ఆయన పక్కనే కూర్చుని వ్యాపారం చూసుకుంటున్నా, కాగితాల లెక్కన నాన్నకు ఆ కొట్టుతో ఏ సంబంధమూ లేదు. నేను గుంటూరులో అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను కాబట్టి ఆ పనంతా నేనే పట్టుకున్నాను. ఇలా తండ్రి పేరు మీద నడిచే కొట్లు మన ఊళ్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మధ్యలో తాతయ్య వస్తూనే ఉంటారు. ఆయన్ని పక్కన పెట్టి ఈ కాగితాల గురించి చెప్పడం నావల్ల కాదు.

ముందు మరణ ధృవీకరణ పత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. మునిసిపాలిటీలో నాన్న, బాబాయి వెళ్లి రాయించారు. కాపీలు ఎక్కువే తీసుకోండి, ప్రతి చోటా ఒకటి అడుగుతారు. తాతయ్యకు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాన్ కార్డులో పూర్తిగా ఉంది. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకున్నాం. తర్వాత ఎక్కడా ఆగలేదంటే అదే కారణం.

రెండోది కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం. వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇస్తే విచారణ జరిగి, తహసీల్దారు సంతకంతో వస్తుంది. విచారణకు వచ్చినాయన ఇద్దరు సాక్షులు చాలన్నారు. కానీ శెట్టిగారి (మా తాతయ్య) గురించి అడగడానికి వచ్చారని తెలిసి బజారులో సగం మంది మా అరుగు మీదికి చేరారు. ఆయన రాసుకోవాల్సింది వారసుల పేర్లు మాత్రమే. అయినా కూర్చుని అందరి మాటా విన్నారు. టీ తాగి, సైకిల్ మీద మనవరాళ్లని బడికి తీసుకెళ్లే పెద్దాయనే కదా, నేనూ చూశాను అన్నారు.

వారసులు ఐదుగురు: నాన్నమ్మ, నాన్న, బాబాయి, ఇద్దరు అత్తలు. వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమాన వాటా. "ఆడపిల్లలకు పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశారుగా" అని ఒక దూరపు బంధువు అన్నారు. నాన్న ఆ మాట అక్కడే ఆపేశారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో సవరణ తెచ్చినప్పుడు, తాతయ్య ఆ పేపరు కొట్లో గట్టిగా చదివి వినిపించారట. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. ఆయన ఇల్లు అలాంటిది. సరుకుకి విలువ కట్టి, బాబాయికీ అత్తలకీ వాటా వాయిదాల్లో ఇచ్చేలా రాసుకున్నాం. కొట్టు నాన్న నడపడానికి మిగతా నలుగురూ సమ్మతి పత్రం ఇచ్చారు.

ఎక్కువ టెన్షన్ పెట్టింది జీఎస్టీ. పదిహేను అక్షరాల జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి (మనకు 37), ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్. అంటే మనిషి మారితే నంబరు కొనసాగదు. పాత నంబరు మీదే నడిపేద్దాం, ఎవరు చూస్తారు అనే సలహా చాలామంది ఇస్తారు. వినకండి. 2019 మార్చిలో కేంద్రం ఇచ్చిన సర్క్యులర్‌లో దారి స్పష్టంగా ఉంది. వారసుడు తన పాన్‌తో కొత్త రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి, కారణం దగ్గర యజమాని మరణం అని ఎంచుకోవాలి. వాడని పన్ను క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టి, మనం కట్టాల్సిన పన్నులో ఇంకా తగ్గించుకోని జీఎస్టీ) ఉంటే ఐటీసీ-02 ఫారంతో కొత్త నంబరుకు బదిలీ చేయాలి, దానికి సీఏ సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాతే పాత నంబరు రద్దుకు పెట్టాలి. రద్దయ్యాక మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయాలి. ఈ వరుస తప్పితే క్రెడిట్ చిక్కులో పడుతుంది. ఇంకో సంగతి: వారసులు వ్యాపారం కొనసాగిస్తే, పోయినవారు కట్టాల్సిన పాత పన్ను బాకీలు కూడా వారి మీదికే వస్తాయి. మాకు అలాంటివి లేవు. తాతయ్య గడువు తేదీ దాకా ఎప్పుడూ ఆగేవారు కాదు.

ఓటీపీలన్నీ తాతయ్య ఫోనుకే వస్తాయి. ఆ సిమ్‌ను రద్దు చేయకుండా రీచార్జి చేస్తూ వచ్చాం. ఇంట్లో పెద్దవాళ్లు పోయిన వారంలోనే నంబరు తీసేయించేవాళ్లకి ఇది ముఖ్యంగా చెబుతున్నాను. సిమ్ లేకపోతే పత్రాలు పట్టుకుని జీఎస్టీ అధికారి దగ్గరికి వెళ్లి ఫోను నంబరు మార్పించుకోవాలి.

బ్యాంకుకు చెప్పగానే తాతయ్య పేరున ఉన్న వ్యాపార ఖాతా (కరెంట్ అకౌంట్) ఆపేశారు. ఆయన సంతకం చేసి ఇచ్చిన చెక్కులు ఇక చెల్లవు కాబట్టి తెనాలి, గుంటూరు హోల్‌సేల్ వాళ్లకి నాన్న ఫోన్ చేసి, తన ఖాతా నుంచి డబ్బు పంపారు. కొట్లో గల్లా ముందు అంటించిన క్యూఆర్ కోడ్ కూడా ఆ ఖాతాదే. ఎవరు స్కాన్ చేసినా ఫోనులో తాతయ్య పేరు వచ్చేది. ఆ స్టిక్కరు గీకి తీసినరోజు నాన్న కొట్టు తొందరగా కట్టేశారు. ఆహార భద్రత లైసెన్సు మరణం తర్వాత 90 రోజుల వరకు వారసుల కోసం నిలిచి ఉంటుంది, ఆలోపు పేరు మార్పించాలి. ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లో నాన్న వారసుడిగా నమోదు చేసుకుని, పోయిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి తాతయ్య తరఫున రిటర్న్ వేశారు. ఇవి పెద్ద కష్టం కాలేదు.

నేను ఎక్కువ కాలం గడిపింది అరువు ఖాతాలతో. ఆస్తి లెక్క కట్టాలంటే రావలసిన బాకీలు తేలాలి. బిల్లులు కంప్యూటర్‌లోకి మారి చాలా ఏళ్లయినా, అరువు మాత్రం తాతయ్య చేత్తోనే రాసుకునేవారు. ఏ రోజుది ఆ రోజు చిట్టాలో, మనిషి వారీగా ఆవర్జాలో. అందులో ఇంటిపేర్లు తక్కువ. "పెనుమూడి పడవాయన", "రైలుకట్ట అవతల టైలరు", "లంకెవానిదిబ్బ మేస్త్రి వాళ్లమ్మ". పెనుమూడి–పులిగడ్డ వంతెన రాకముందు దివిసీమ వైపు నుంచి కృష్ణ దాటి వచ్చేవాళ్లు కూడా మా కొట్లో సరుకు కొనేవారట. ఆ మనుషులెవరో నాన్న చెబుతుంటే నేను ఫోన్ నంబర్లు రాసుకుంటూ పోయాను.

కొన్ని పద్దుల పక్కన ఎర్ర పెన్సిల్‌తో "అడగవద్దు" అని ఉంది. ఎందుకో నాన్నమ్మకు తెలుసు. ఒకరి కొడుకు సముద్రం మీద వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఒకావిడ భర్త పోయాక కూలికి వెళ్తూ ముగ్గురు పిల్లల్ని చదివించింది. ఇంకొకరి దాళ్వా పంట వరుసగా దెబ్బతింది. చట్టం లెక్కన అయితే, రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే, మూడేళ్లు దాటిన బాకీకి కోర్టులో దావా నిలవదు. తాతయ్య లెక్క చట్టం లెక్క కాదు. పాతికేళ్ల నాటి పద్దు కూడా కొట్టేయకుండా అలాగే ఉంచారు. నిన్నమొన్నటి పద్దులు కొన్నిటికి ఎర్ర పెన్సిల్ పడింది. ఆ గుర్తున్న పేర్లన్నిటినీ నాన్న చెల్లు రాసేశారు. మిగతావాళ్లకు ఒకసారి కబురు పెట్టాం. పెద్దకర్మ అయిన కొద్ది రోజులకే చాలామంది వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఒక కౌలు రైతు తన దగ్గరున్న ఖాతా పుస్తకం తెచ్చాడు. అందులో బాకీ మా ఆవర్జాలో కన్నా ఎక్కువ ఉంది. పంట పోయిన ఏడు తాతయ్య తన పుస్తకంలో తగ్గించుకున్నారు, ఆ రైతుకు చెప్పలేదు. నాన్న మా పుస్తకంలో ఉన్నంతే తీసుకున్నారు.

అటక మీద పాత చిట్టాలు దొరికాయి. 1977 నవంబరు 19 పేజీ ఖాళీ. ఆ రోజే దివిసీమ ఉప్పెన. వేలమంది ప్రాణాలు పోయాయి, మా వైపు తీరమూ దెబ్బతింది. ఆ తర్వాతి రోజుల్లో బియ్యం, కిరసనాయిలు, బెల్లం, అగ్గిపెట్టెలు అని సరుకు పేర్లు వరసగా ఉన్నాయి. ఎవరికిచ్చారో లేదు, ధర లేదు. అప్పుడాయనకు ముప్ఫై ఏడేళ్లు. నాతో ఎన్ని కబుర్లు చెప్పినా ఆ రోజుల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

నాకు చెప్పినవి వేరే. వీశల నుంచి కిలోలకు మారిన రోజుల్లో, ఇరవై ఏళ్ల కుర్రాడిగా, వీశంటే కిలో నాలుగొందల గ్రాములని వచ్చినవాళ్లందరికీ విడమరిచి చెప్పడం ఆయన పనట. బడి నుంచి రాగానే గల్లాపెట్టె పక్కన ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, మామూలు ఎక్కాలతోపాటు పావు ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా అప్పజెప్పించుకునేవారు. పొట్లం కట్టడం, పురికొస పంటితో కాకుండా వేలితో తెంపడం నేర్పారు. నేను గుంటూరు హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆదివారాలు బస్సెక్కి వచ్చేవారు. చేతిసంచిలో వేరుశెనగ ఉండలు, నా రూమ్‌మేట్లకు కూడా సరిపడా. ఏ పండక్కీ పూర్తిగా కట్టెయ్యని కొట్టు మనవల స్కూలు వార్షికోత్సవానికి మాత్రం మధ్యాహ్నమే కట్టేసేవారు. ఈ కాగితాల పని నేను ఓపిగ్గా చేయగలిగానంటే లెక్క మీద ఆయన పెట్టిన ఇష్టమే.

జీఎస్టీలో యజమాని పేరు వేరు, వ్యాపారం పేరు వేరు. అందుకే నాన్న కొత్త నంబరు తీసుకున్నా కొట్టు పేరు పాతదే ఉంచుకోగలిగాం. అందులో తాతయ్య పేరుంది. బోర్డు మీద నంబరు ఒక్కటే మార్చి రాయించాం. ఇక కొట్టు గదికి మునిసిపల్ పన్ను పేరు మార్పు మిగిలింది. అది నాన్నమ్మ పేరు మీద పెట్టాలని అత్తలే అన్నారు. సంతకాలకు వచ్చే నెల ఇద్దరూ వస్తున్నారు. ఆ 1977 చిట్టా పెద్దత్తకు చూపించాలి. అప్పుడామెకు తొమ్మిదేళ్లు, సరుకు పంచిన రోజుల్లో కొట్లోనే ఉందని నాన్నమ్మ అంటోంది. ఆమెకు గుర్తున్నదంతా చెప్పించుకుని, ఆ పేజీల్లో లేని పేర్లు రాసిపెట్టుకుంటాను.