నెబ్యులైజర్ పెడితే ఏడ్చే పిల్లల కోసం

మా వాడికి జలుబు చేసిందంటే రాత్రికల్లా పిల్లికూతలు మొదలవుతాయి, అందుకని డాక్టరే నెబ్యులైజర్ కొనమన్నారు. మెషిన్ వాడటం పెద్ద విద్యేమీ కాదు, కప్పులో మందు పోసి పైపు తగిలించి స్విచ్ వేస్తే మందు పొగలా మాస్కులోంచి వస్తుంది. కష్టమల్లా ఆ మాస్కును మూడేళ్ల పిల్లాడి ముఖం మీద పది నిమిషాలు ఉంచడమే.

గింజుకుంటున్నాడని చాలామంది మాస్కును కాస్త ఎడంగా పట్టుకుని, పొగ తగిలితే చాల్లే అనుకుంటారు. చాలదు. కొద్దిపాటి సందున్నా మందు చాలావరకు గాల్లో కలిసిపోతుంది. ఏడిస్తే మందు బాగా లోపలికి పోతుందని పెద్దవాళ్లు అంటుంటారు గానీ అది ఉత్త మాట. ఏడ్చేటప్పుడు ఊపిరి వదలడమే ఎక్కువసేపు, పీల్చడం ఠక్కున అయిపోతుంది, మందు చాలావరకు గొంతులో పడి కడుపులోకి పోతుంది.

మా వాడికి అసలు భయం మెషిన్ చప్పుడంటే. ఒంట్లో బాగున్న రోజుల్లో మందు లేకుండానే దాన్ని బయటికి తీసి, స్విచ్ వాడితోనే వేయించి, ముందు వాడి బొమ్మ కుక్కకి మాస్కు పెట్టించాం. ఇప్పుడు కుక్క వంతయ్యాక ఒళ్లో నిటారుగా కూర్చుని ఫోన్‌లో కార్టూన్ చూస్తూ పెట్టించుకుంటాడు (ఫోన్ చూపించకూడదని నాకూ తెలుసు, ఆ పది నిమిషాలు మాత్రం రూల్స్ అన్నీ బంద్).

సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు) పెట్టాక గుండె కాస్త దడగా కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, అది మామూలే. బుడెసొనైడ్ అయితే అది స్టెరాయిడ్ కాబట్టి ముఖం తుడిచి నోరు పుక్కిలింపజేయాలి, లేదంటే నోట్లో తెల్లపూత రావచ్చు. కప్పూ మాస్కూ ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి, పైపులోకి మాత్రం నీళ్లు పోనివ్వకండి.

మందు పెట్టినా డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఆయాసంతో మాట రాకపోయినా, పెదాలు నీలంగా మారినా ఇంకో డోసు పెట్టి చూద్దామని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎంత చేసినా కూర్చోని పిల్లలుంటే, మాస్కున్న స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే బోలు గొట్టం) ఇన్‌హేలర్ వాడొచ్చా అని డాక్టర్‌ని అడగండి. చాలామంది పిల్లలకి అదీ ఇంతే బాగా పనిచేస్తుంది. దానికీ మాస్కు ముఖానికి ఆనాల్సిందే, కాకపోతే ఒక్కో పఫ్‌కి ఐదారు ఊపిర్లు తీసుకుంటే అయిపోతుంది.