టైమర్ టిక్ దాకా: సొంత కర్నెల్‌లో రౌండ్ రాబిన్ నడవాలంటే

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) పేపర్ రాసినవాళ్లకి రౌండ్ రాబిన్ లెక్క, అంటే ప్రోగ్రామ్‌లకి వంతులవారీగా కొంచెం కొంచెం సీపీయూ టైమ్ ఇచ్చే పద్ధతి, కొత్తేమీ కాదు. గాంట్ చార్ట్ గీసి, సగటు వెయిటింగ్ టైమ్ తేలిస్తే మార్కులు పడతాయి. ఆ చార్ట్‌లో కనపడనిది ఒకటుంది: నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచి సీపీయూని లాక్కునేది ఎవరు? టైమర్ ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపమని టైమర్ చిప్ సీపీయూకి పంపే పిలుపు. 32 బిట్ ఎక్స్86 మీద సరదాగా కర్నెల్ (ఓఎస్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మొదలుపెట్టినవాళ్లలో చాలామంది చతికిలపడేదీ అక్కడే. తెరమీద ‘హలో’ వేయడం ఒక సాయంత్రం పని కాబట్టి దాన్ని వదిలేసి నేరుగా టైమర్ దగ్గరికే పోదాం.

ముందు రెండు మాటలు. కర్నెల్‌ని మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్ సొంతంగా రాయడానికి దిగొద్దు, ఆ పని గ్రబ్ అనే రెడీమేడ్ బూట్‌లోడర్ చేస్తుంది. గ్రబ్ మీ కర్నెల్‌ని గుర్తుపట్టే మల్టీబూట్ హెడర్, కర్నెల్ ఫైల్‌లో మొదటి 8192 బైట్లలోపు ఉండాలి. లింకర్ స్క్రిప్ట్‌లో ఆ సెక్షన్‌ని అన్నిటికన్నా ముందు పెట్టకపోతే, కోడ్ పెరిగేకొద్దీ హెడర్ వెనక్కి జరిగి, నిన్న బూట్ అయిన కర్నెల్ ఇవాళ మొరాయిస్తుంది. రెండోది, తెర కన్నా ముందు సీరియల్ పోర్ట్‌కి రాయడం కర్నెల్‌కి నేర్పండి. ‘-సీరియల్ ఎస్‌టీడీఐఓ’ ఇస్తే క్యూఎమూ (మెషీన్‌ని అనుకరించే ఎమ్యులేటర్) ఆ అక్షరాలని టెర్మినల్‌లో చూపిస్తుంది. కర్నెల్ చచ్చిపోయినా చివరి మాట అక్కడే ఉంటుంది. వీటికి నెట్ అక్కర్లేదు, గుంటూరు ప్యాసింజర్‌లో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

ఐడీటీ (ఏ ఇంటరప్ట్‌కి ఏ హ్యాండ్లర్ కోడ్ నడవాలో చెప్పే పట్టిక) నింపేముందు మీ సొంత జీడీటీ (మెమరీ సెగ్మెంట్ల పట్టిక) లోడ్ చేయండి. మల్టీబూట్‌లో కోడ్ సెలెక్టర్ (జీడీటీలో కోడ్ సెగ్మెంట్ ఎక్కడుందో చెప్పే నంబర్) ఇంతే ఉండాలన్న నియమం లేదు. ఐడీటీలో 08 అని రాసి గ్రబ్ ఇచ్చిన జీడీటీని నమ్ముకుంటే మొదటి ఇంటరప్ట్‌కే మెషీన్ రీసెట్ అవుతుంది. ఐడీటీ లిమిట్ 256 ఇంటూ 8లోంచి ఒకటి తీసేసి 2047.

అసలు తిరకాసు పీఐసీ చిప్ దగ్గర. టైమర్, కీబోర్డ్ లాంటివాటి ఇంటరప్టులని సీపీయూకి చేర్చేది అదే. ఎక్స్86లో 0 నుంచి 31 దాకా వెక్టర్లు (ఐడీటీలో వరస నంబర్లు) సీపీయూ ఎక్సెప్షన్లవి, అంటే సీపీయూ తనే పట్టుకునే తప్పులవి. బయోస్ మాత్రం టైమర్‌ని వెక్టర్ 8 మీద ఉంచుతుంది. అది డబుల్ ఫాల్ట్ (ఒక తప్పుని సర్దబోతే వచ్చే ఇంకో తప్పు) నంబర్! ఇంటరప్టులని తెరిచే ఎస్‌టీఐ ఇన్‌స్ట్రక్షన్ కొట్టగానే టిక్ వచ్చి డబుల్ ఫాల్ట్ హ్యాండ్లర్‌లో పడుతుంది. నిజం డబుల్ ఫాల్ట్‌కి సీపీయూ స్టాక్ మీద ఎర్రర్ కోడ్ పెడుతుంది, టైమర్‌కి పెట్టదు. హ్యాండ్లర్ లేని ఎర్రర్ కోడ్‌ని తీసేయడంతో స్టాక్ ఒక గడి జారి, ఐరెట్ (ఇంటరప్ట్ నుంచి వెనక్కి పంపే ఇన్‌స్ట్రక్షన్) చెత్త అడ్రస్‌కి దూకుతుంది. తప్పు లేని కోడ్‌లో రోజులకి రోజులు తప్పు వెతికించే చోటు ఇది.

కాబట్టి ఎస్‌టీఐకి ముందే రీమ్యాప్ చేయాలి, అంటే పీఐసీ ఇంటరప్టులని 31 దాటిన వెక్టర్లకి మార్చాలి. ఇక్కడి నుంచి పోర్టులూ, వాటికి పంపే బైట్లూ అన్నీ హెక్స్‌లోనే. 20, ఏ0 పోర్టులకి 11 పంపండి. తర్వాత 21కి 20, ఏ1కి 28. మళ్లీ 21కి 4, ఏ1కి 2. ఆపైన రెండింటికీ 1. చివరగా మాస్క్: 21కి ఎఫ్ఈ, ఏ1కి ఎఫ్ఎఫ్. అంటే టైమర్ ఒక్కటే తెరిచి మిగతావన్నీ మూసినట్టు. కీబోర్డ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

టైమర్ చిప్ గడియారం సెకనుకి 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. సెకనుకి 100 టిక్కులు కావాలంటే దాన్ని భాగించాల్సిన సంఖ్య 11932, హెక్స్‌లో 2ఈ9సి. పోర్ట్ 43కి 36 పంపి, పోర్ట్ 40కి ముందు 9సి, తర్వాత 2ఈ పంపాలి. ఏమీ పెట్టకపోతే బయోస్ వదిలిన 18.2 టిక్కులే నడుస్తాయి.

హ్యాండ్లర్‌గా సీ ఫంక్షన్ అడ్రస్‌ని నేరుగా ఐడీటీలో పెట్టకండి. అది రెట్‌తో ముగుస్తుంది, ఇక్కడ కావలసింది ఐరెట్. చిన్న అసెంబ్లీ ముక్కలో పుష్ఏ (రిజిస్టర్లని స్టాక్ మీద దాచేది), సీఎల్‌డీ, కాల్, పాప్ఏ (వాటిని వెనక్కి తీసేది), ఐరెట్ వరసగా రాయండి. మధ్యలో పోర్ట్ 20కి 20 పంపి, టిక్ అందిందని పీఐసీకి జవాబివ్వడం మరిచిపోతే ఒక్క టిక్ పడి, ఆ తర్వాత టైమర్ కిమ్మనదు.

ఏదైనా తేడా కొడితే క్యూఎమూకి ‘-డి ఇంట్’, ‘-నో-రీబూట్’ ఇవ్వండి. వచ్చిన ప్రతి వెక్టర్ నంబరూ రాసి పెడుతుంది. కేవీఎం (అసలు సీపీయూ మీదే నేరుగా నడిపే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఈ లాగ్ రాదు, తీసేయండి.

టిక్ వచ్చాక రౌండ్ రాబిన్ అంటే స్టాక్ మార్చడమే. ప్రతి టాస్క్‌కీ సొంత స్టాక్ ఇచ్చి, పాత ఈఎస్‌పీ (స్టాక్ ఎక్కడుందో చెప్పే రిజిస్టర్) విలువ దాచి కొత్తది ఎక్కించాలి. ఇంతవరకూ ఎప్పుడూ నడవని టాస్క్‌కి పాప్ఏ, ఐరెట్ ఆశించే విలువలన్నీ ముందే పేర్చి పెట్టాలి. అందులో ఈఫ్లాగ్స్ (ఇంటరప్టులు తెరిచి ఉన్నాయో లేదో కూడా చెప్పే రిజిస్టర్) విలువ హెక్స్‌లో 202. పొరపాటున 2 పెడితే ఇంటరప్టులు ఆగిపోయి, ఆ టాస్క్ సీపీయూని ఇక వదలదు. స్విచ్ ఫంక్షన్‌లోకి వెళ్లేముందే పీఐసీకి జవాబు పంపెయ్యాలి, లేకపోతే కొత్త టాస్క్‌కి టిక్కులే అందవు.

నిజం మెషీన్ మీద నడపాలంటే సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ చాలు. కొనేముందు బయోస్‌లో లెగసీ బూట్ (పాత బయోస్ పద్ధతి బూట్) ఉందో లేదో, బోర్డ్ మీద కామ్ పోర్ట్ (అదే సీరియల్ పోర్ట్) ఉందో లేదో చూసుకోండి. దానికి తగిలించే యూఎస్‌బీ కేబుల్ ఆర్ఎస్232 (సీరియల్ పోర్ట్ ప్రమాణం) రకానిది తీసుకోవాలి. ఆర్డునోకి వాడే టీటీఎల్ అడాప్టర్‌ని ఆ పోర్ట్‌కి తగిలిస్తే పోర్ట్ వోల్టేజీకి అడాప్టర్ కాలిపోవచ్చు. క్యూఎమూలో మెమరీ సున్నాలతో మొదలవుతుంది, అసలు ర్యామ్‌లో చెత్త ఉంటుంది. అందుకే పేజ్ టేబుల్‌కి (మెమరీ అడ్రస్‌ల పట్టిక) తీసుకున్న 4096 బైట్లని మీరే తుడవాలి. పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులని నిలబెట్టే సీఆర్2032 బిళ్ల సెల్ అయిపోయి ఉంటుంది, కరెంటు పోయినప్పుడల్లా లెగసీ సెట్టింగ్ ఎగిరిపోతుంది. కర్నెల్‌ని అనుమానించేముందు ఆ సెల్ మార్చండి.