కాఫీకి గంట ముందు

వైశాఖంలో ఆకు కదలని మధ్యాహ్నాల్లో అందరూ విసనకర్రలతో అరుగు మీద కూర్చుంటే, నేను లోపల దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. దువ్వెన నిండా జుట్టు, మలబద్ధకం, పది అడుగులు వేస్తే నీరసం. మా కోనసీమ ఊళ్లో చూపించుకుంటే వయసు మీద పడుతోందని బి కాంప్లెక్సు మాత్రలు రాశారు. అప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు.

ఏడాది తరువాత కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తేలింది. కాకినాడలో ఒక డాక్టరుగారు దానికి మందు రాయకుండా, ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారు. థైరాయిడ్ మందగించినకొద్దీ రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను నాలుగు లోపు ఉండవలసింది 38 ఉంది. థైరాయిడ్‌కు వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే యాంటీ టీపీవో యాంటీబాడీలు కూడా బాగా ఎక్కువ. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దెబ్బతీస్తోందట. 1912లో దీన్ని వర్ణించిన జపాన్ వైద్యుడు హషిమోటో పేరే జబ్బుకూ పెట్టారు.

అయోడిన్ ఉప్పు ఇంకాస్త వేయమంటారా అని అత్తయ్య అడిగారు. ఇది అయోడిన్ తక్కువై వచ్చింది కాదు, ఎక్కువ తింటే చెడే జరగవచ్చు అన్నారు డాక్టరుగారు. క్యాబేజీ థైరాయిడ్‌కు పడదంటారు కదా అంటే, కూర వండుకుని మామూలుగా తింటే ఫరవాలేదని కూడా అన్నారు. నాకు క్యాబేజీ ఇష్టం లేదు కనుక ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

థైరాయిడ్ హార్మోను లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్ర 75 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 14. మాత్ర 100కి పెంచారు. మరో ఎనిమిది వారాలకు 11. ఒక్క పూట కూడా మానని నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు డాక్టరుగారు తీరిగ్గా అడిగారు: "మాత్ర వేసుకున్నాక ఏం చేస్తావమ్మా?"

ఏముంది, ఐదు నిమిషాల్లో ఫిల్టరు కాఫీ. ఇడ్లీలతో పాటు కాల్షియం మాత్ర.

అదీ సంగతి. కాఫీ, కాల్షియం కలిసి మందును ఒంటికి పట్టనివ్వడం లేదు. ఐరన్ మాత్రా అంతేనట, ఈ రెండు మాత్రలకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలట. అప్పటి నుంచి తెల్లవారుజామున ఐదింటికి పరగడుపున మంచినీళ్లతో మాత్ర, ఆరింటికి కాఫీ, కాల్షియం రాత్రికి. డికాక్షన్ వాసన వస్తుంటే ఆ గంట గడపడం ఎంత కష్టమో కాఫీ తాగేవాళ్లకే తెలుస్తుంది.

తీరా మందు సరిగ్గా పట్టేసరికి 100 ఎక్కువైపోయింది. గుండె దడ, చేతుల వణుకు, టీఎస్‌హెచ్ 0.1. మళ్లీ 75కే దించారు. తరువాతి పరీక్షలో 2.3 వచ్చింది, కొలెస్ట్రాలూ దిగింది. యాంటీ టీపీవో మళ్లీ చేయించాలా అంటే అక్కరలేదన్నారు, మోతాదును నిర్ణయించేది ఆ అంకె కాదట.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ పరీక్ష ఉంది. జుట్టు కోసం కొన్న మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుందని, అది పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుందని, రెండు మూడు రోజుల ముందే ఆపమన్నారు. నేను పూర్తిగానే మానేశాను. జడ ఇంకా సన్నగానే ఉంది. కనకాంబరాలు పెట్టుకుంటే కనపడదు.