సింహాచలంలో చందనం అరగదీసే రోజులు

ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే వరాహ లక్ష్మీ నరసింహస్వామి అసలు రూపు కనబడేది అక్షయ తృతీయ నాడు. ఆ నిజరూప దర్శనం కోసమే చాలామంది సింహాచలం వెళ్తారు. నాకు మాత్రం అంతకు ముందే, చందనం అరగదీసే రోజుల్లోనే కొండెక్కాలని కోరిక. విశాఖపట్నంలో ఉన్న పిన్ని తోడు వచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులు దాటి బస్సు దిగగానే సంపెంగలమ్మే వాళ్ళు చుట్టుముట్టారు.

గుడిలో బేడా మండపం దగ్గరికి వెళ్ళేసరికి సంపెంగ వాసనను గంధం మింగేసింది. సానరాళ్ళు వరుసగా ఉన్నాయి. కాసిని నీళ్ళు చిలకరిస్తారు, చందనపు చెక్కను రెండు చేతులా పట్టుకుని అరగదీస్తారు, రాతి మీద చేరిన ముద్దను పాత్రలోకి తీస్తారు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చెక్క. ఒక్కసారి రుద్దితే వచ్చేది గోటికి అంటేంత. ఒక విడత సమర్పణకు కావలసింది మూడు మణుగులు, అంటే దాదాపు 125 కిలోలు! అక్షయ తృతీయకు, ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు కలిపి ఏడాదికి పన్నెండు మణుగులు. అదంతా ఇలా చేతులతో తీయవలసిందే.

"చేతులు నొప్పి పుట్టవా అయ్యా?" అని పిన్ని ఉండబట్టలేక అడిగింది.

"స్వామికి చల్లగా ఉండాలి కదమ్మా" అన్నాడు అరగదీస్తున్నాయన, చెక్క ఆపకుండానే.

పుట్టలో దొరికిన మూర్తి మీది మట్టిని పురూరవ చక్రవర్తి తొలగించాడనీ, ఆ మట్టికి బదులుగా చందనం పూయమని ఆకాశవాణి పలికిందనీ స్థలపురాణం. మిగతా క్షేత్రాల్లో అలంకారమంటే కిరీటం, పట్టువస్త్రం, పూలదండ. మూర్తి అందం ఇంకా బాగా కనబడాలని చేస్తారు. ఇక్కడి అలంకారం మూర్తినే దాచేస్తుంది. ఆ రోజు గర్భాలయంలో మాకు కనబడింది లింగాకారంలో ఉన్న చందనపు ముద్ద. కన్ను లేదు, ముఖం లేదు. అయినా నాకు వెలితి అనిపించలేదు. ఆ పూత వెనక ఎన్ని చేతులున్నాయో అప్పుడే చూసి వచ్చాను మరి.

అక్షయ తృతీయ నాటి చందనోత్సవం వరకు పిన్ని ఇంట్లోనే ఉన్నాను. ఆ తెల్లవారుజామున సుప్రభాతం తర్వాత అర్చకులు వెండి బొరిగెలతో ఏడాది నాటి చందనాన్ని ఒలుస్తారు. క్యూలో గంటలు గడిచాక మా వంతు వచ్చింది: వరాహ ముఖం, మనిషి దేహం, త్రిభంగిలో, అంటే మూడు చోట్ల వంపు తిరిగిన నిలువు, శిరస్సున, వక్షస్థలాన కాస్త చందనం. సరిగా చూసేలోగానే వెనకవారు ముందుకు నెట్టారు. నిజరూపం ఎంత గొప్పదైనా, దాని కోసమే పరుగెత్తి వెళ్ళిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ రాత్రి కొండ మీది గంగధార ఊట నీటితో సహస్ర ఘటాభిషేకం చేసి, కొత్త చందనం పూసి స్వామిని మళ్ళీ కప్పేస్తారు.

వలిచిన చందనాన్ని ప్రసాదంగా ఇస్తారు. పిన్ని తన పొట్లంలో సగం నాకు పంచింది. పౌర్ణమి విడతలకు ముందు కూడా అరగదీత ఉంటుంది, ఆ రోజుల్లో తొక్కిసలాట తక్కువ. కుదిరినవారు అప్పుడు వెళ్ళి, దర్శనానికి ముందు కాసేపు ఆ సానరాళ్ళ దగ్గర నిలబడండి.