మా వాడి నోట్‌బుక్‌లో 41 లైన్లు

మొన్న అల్మారా సర్దుతుంటే మా వాడి పాత నోట్‌బుక్ ఒకటి బయటపడింది, అట్ట మీద స్కెచ్ పెన్‌తో సాక్స్ 2024 అని రాసుకున్నాడు. లోపల గెలిచిన మ్యాచ్‌లు మాత్రమే ఉన్నాయి, తేదీ, ఎవరి మీద గెలిచారు, స్కోరు ఎంత, అంతే. లెక్కపెడితే 41 లైన్లు. ఓడినవి వాడు రాయలేదు, రాసుంటే 121 రాయాల్సొచ్చేది.

సాక్స్ అంటే చికాగో వైట్ సాక్స్, అమెరికాలో ఒక బేస్‌బాల్ టీమ్. 1900 తర్వాత మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడిన టీమ్ ఇంకోటి లేదు. అంతకుముందు ఆ రికార్డు న్యూయార్క్ మెట్స్‌ది, 1962లో, వాళ్లు కొత్తగా పుట్టిన ఏడాది 120 ఓడారు. వైట్ సాక్స్ కొత్త టీమ్ కాదు కదా, 2005లో వరల్డ్ సిరీస్ గెలిచిన టీమ్, 2021లో కూడా 93 మ్యాచ్‌లు గెలిచి డివిజన్‌లో ఫస్ట్ వచ్చిన టీమ్. మూడేళ్లలో అక్కడి నుంచి ఇక్కడికి పడిపోయింది.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్లకి ఒక మాట చెప్పాలి. ఐపీఎల్‌లో లీగ్ స్టేజ్‌లో ఒక్కో టీమ్‌కి 14 మ్యాచ్‌లు, ఇక్కడ ఆరు నెలల్లో 162. అంటే దాదాపు రోజూ ఆటే. ఓడిపోతే బాధపడటానికి కూడా టైమ్ ఉండదు, తెల్లారితే మళ్లీ మ్యాచ్.

మేముండేది చికాగో దగ్గర అరోరా, బాలాజీ గుడి వైపు. మా చుట్టుపక్కల మనవాళ్ల పిల్లలందరూ చికాగోలోని రెండో టీమ్ కబ్స్ అంటారు, మా వాడికి పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో నేర్పించిన కోచ్ మాత్రం సాక్స్ ఉండే సౌత్ సైడ్ మనిషి, ఆయన టోపీ చూసి వీడు కూడా వైట్ సాక్స్ అయిపోయాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. నేను మొదట్లో వాడికి తోడుగా కూర్చునేదాన్ని, తర్వాత్తర్వాత వాడు నిద్రపోయాక కూడా నేను చూస్తుండేదాన్ని.

ఆ ఏప్రిల్ చివర్లో మా మావయ్య గారు తెనాలి నుంచి వచ్చారు ఆరు నెలలు ఉండటానికి. ఆయన జడ్పీ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, ఏ ఆటైనా సరే కూర్చోబెడితే లేవరు. ఆయన వచ్చేసరికి సాక్స్ 25 మ్యాచ్‌లు ఆడి 3 గెలిచారు. మనవడు పక్కన కూర్చుని స్ట్రైక్ అంటే ఏంటి, బాల్ అంటే ఏంటి అని చెప్తుంటే వారం తిరిగేలోపు పట్టేశారు, పట్టేసి "బంతి వేసే కుర్రాళ్ల సంగతి సరే, కొట్టేవాళ్లేరిరా వీళ్లకి" అన్నారు. సీజన్ అయ్యాక చూస్తే అదే నిజం, ఆ ఏడాది మొత్తం 507 రన్స్ చేశారు, లీగ్ మొత్తంలో అందరికన్నా తక్కువ. ఎదుటివాళ్లకి ఇచ్చింది 813.

మే 23 నేను మర్చిపోలేను. బాల్టిమోర్ ఓరియోల్స్‌తో మ్యాచ్, చివరి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు కొట్టుకుంటూ వచ్చి 8-6 దాకా తెచ్చారు, ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉన్నారు, ఒకడే ఔట్, ముగ్గురైతేనే ఇన్నింగ్స్ అయిపోయేది. బంతి ఇన్‌ఫీల్డ్‌లో పైకి లేచింది, అలాంటి తేలిక క్యాచ్‌కి పట్టకముందే ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని కొట్టినవాడు ఔట్, అది రూలే, కానీ రెండో బేస్ దగ్గరున్న ఆండ్రూ వాన్ ఫీల్డర్‌కి అడ్డొచ్చాడని అంపైర్ అతన్ని కూడా ఔటిచ్చాడు, మ్యాచ్ అయిపోయింది. ఫీల్డర్ ఆ క్యాచ్ పట్టాడు కూడా, ఎవరూ ఎవర్నీ గుద్దుకోలేదు. మావయ్య గారు జీవితమంతా విజిల్ మెళ్లో వేసుకుని రిఫరీ చేసినాయన, టీవీ ముందు నిలబడిపోయి "ఇదేందమ్మా, ఆట నడవనివ్వాలి కదా" అని నన్నడుగుతున్నారు, నేనేం చెప్పను. ఆ సిరీస్‌లో నాలుగూ ఓడారు. ఆ ఆదివారమే, మే 26, మాకు పొద్దున తొమ్మిదింటికి ఐపీఎల్ ఫైనల్, మన సన్‌రైజర్స్ 113కి ఆలౌట్, మధ్యాహ్నం చూస్తే సాక్స్ కూడా ఓటమి, ఆ రోజు మా ఇంట్లో సాయంత్రం దాకా ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. రాత్రి అన్నాలు తినేటప్పుడు మావయ్య గారే వాడికి డెక్కన్ ఛార్జర్స్ సంగతి చెప్పారు, 2008లో అందరికన్నా కింద ఉండి మరుసటి ఏడాది కప్పు కొట్టారని. వాడు అది బాగా నమ్మాడు.

ఆ వరస ఓటములు 14 దాకా వెళ్లి ఆగాయి. జులైలో మొదలైంది మాత్రం 21 దాకా వెళ్లింది. జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా ఒక్కటి కూడా గెలవలేదు, 1988లో బాల్టిమోర్ సీజన్ మొదట్లో వరసగా 21 ఓడిన అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో సాక్స్ ఆడేది) రికార్డుకి సమానం. ఆ మధ్యలో ఒక శనివారం సియాటిల్‌తో మ్యాచ్‌కి ముగ్గురం వెళ్లాం, స్టేడియంలో మా వాడు నోట్‌బుక్ బ్యాగులోనే పెట్టుకుని కూర్చున్నాడు, తియ్యాల్సిన అవసరం రాలేదు.

ఆగస్టు 6 ఓక్లాండ్‌లో మ్యాచ్, అక్కడ సాయంత్రమంటే మాకు రాత్రి. మరుసటి రోజు నాకు ఆఫీసుంది, అయినా టీవీ ముందు నుంచి లేవలేదు. 5-1తో గెలిచారు. వాడు అప్పటికే సోఫాలో నిద్రపోయాడు, తాతయ్య భుజం తట్టి లేపితే కళ్లు నులుముకుంటూ వెళ్లి నోట్‌బుక్ తెచ్చుకుని రాసి మళ్లీ పడుకున్నాడు. ఆ లైన్లో అక్షరాలు ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి.

రెండ్రోజులకి మేనేజర్‌ని, అంటే టీమ్ హెడ్ కోచ్ లాంటివాణ్ణి, పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు, గ్రేడీ సైజ్‌మోర్‌ని మిగతా సీజన్‌కి పెట్టారు. నాకు ఇక్కడే కోపం. మేనేజర్ మంచిగా చేశాడని నేననను, కానీ బంతి వేసే పిచర్లలో మార్చిలో డిలన్ సీస్‌ని శాన్ డియాగోకి పంపేసింది, జులైలో ఎరిక్ ఫెడీని, కోపెక్‌ని పంపేసింది మేనేజర్ కాదుగా. చికాగో అమెరికాలో మూడో పెద్ద సిటీ, ఇక్కడి టీమ్ తన చరిత్రలో అప్పటిదాకా ఒక ప్లేయర్‌కి ఇచ్చిన అతి పెద్ద కాంట్రాక్ట్ ఏడున్నర కోట్ల డాలర్లు, బెనిన్‌టెండీకి. అంతకు నాలుగైదు రెట్లు ఇచ్చే టీమ్‌లు ఎన్నో ఉన్నాయి. 1981 నుంచి ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫే. అదే 2024లో కొత్త స్టేడియం కోసం రాష్ట్రం డబ్బులిమ్మని అడగటానికి ఆయన రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లారు, వంద కోట్ల డాలర్ల మాట అప్పుడే బయటికొచ్చింది. టికెట్ కొని వచ్చేవాళ్ల ముందు ఇలాంటి టీమ్‌ని పెట్టి పన్నుల డబ్బు అడగటం నాకు అస్సలు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

ఇంత చీకట్లో గారెట్ క్రోషే ఒక్కడు వేరే. ఎడమచేతి పిచర్, అంతకుముందు మేజర్ లీగ్‌లో ఒక్కసారి కూడా స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదటి నుంచి, వెయ్యనివాడు, ఆ ఏడాది 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు, ఆల్ స్టార్ అయ్యాడు. పాత గాయాల వల్ల సెకండాఫ్‌లో అతన్ని తొందరగా దింపేసేవాళ్లు, దిగాక తర్వాత వచ్చినవాళ్లు రన్స్ ఇచ్చేసేవాళ్లు. అతను వేసే రోజు మావయ్య గారు మధ్యాహ్నం నిద్ర మానేసి కూర్చునేవారు. డిసెంబర్లో బోస్టన్‌కి పంపేశారు, మా వాడి 45 నంబర్ టీషర్ట్ పొట్టి అయిపోయినా ఎవరికీ ఇవ్వనివ్వట్లేదు.

సెప్టెంబర్ 24, మంగళవారం. అప్పటికి 120 అయిపోయాయి. ఏంజెల్స్ టీమ్‌తో మూడు మ్యాచ్‌లు, సొంత గ్రౌండ్‌లో చివరి సిరీస్. స్కూలు ఉన్నా తీసుకెళ్లాను, మావయ్య గారు అక్టోబర్లో వెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడో. మా వెనక వరసలోవాళ్లు 121వది చూడటానికే వచ్చామన్నారు, స్టేడియం అంతా టీమ్ అమ్మెయ్ అని ఓనర్ మీద అరుపులు. ఆ అరుపులో నేనూ గొంతు కలిపాను. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఎనిమిదో దానికి 2-0తో వెనక ఉన్నారు, ఏడు ఇన్నింగ్స్‌ల తర్వాత వెనకబడిన మ్యాచ్ ఆ సీజన్‌లో అప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు. ఆ ఇన్నింగ్స్‌లో మూడు రన్స్ వచ్చాయి. 3-2. మావయ్య గారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నారు, చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని చూసి లేచారు, వెనక వరసవాళ్లు కూడా. తర్వాత రెండ్రోజులు కూడా సాక్సే గెలిచారు.

121వది శుక్రవారం డెట్రాయిట్‌లో వచ్చింది, 4-1. ఆ గెలుపుతో టైగర్స్‌కి పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌లో చోటు దొరికింది, గ్రౌండ్ అంతా వాళ్ల సంబరం. టీవీ కట్టెయ్యబోతే మా వాడు వద్దన్నాడు, అవతలివాళ్లు గెంతుతుంటే కూడా చూస్తూనే ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను.

శనివారం గెలిచారు. ఆదివారం కూడా గెలిచారు, 9-5, చివరి ఆరింటిలో అయిదు. 2025లో 60 గెలిచారు, అది కూడా 102 ఓటముల సీజనే, డెక్కన్ ఛార్జర్స్ లెక్క ఇంకా కుదర్లేదు, వాడు ఇంకా అదే చెప్తున్నాడు.

నోట్‌బుక్‌లో 41వ లైను కింద ఒక అడ్డగీత ఉంది, స్కేలు పెట్టి గీసింది. గీత కింద మావయ్య గారి సంతకం, తెలుగులో, అటెండెన్స్ రిజిస్టర్లో పెట్టినట్టు తేదీతో సహా, 29-9-2024.